అడుగున చిల్లి లేని కుండలు

చిత్తూరు,
17 ఏప్రిల్ 1944

అక్క తాయమ్మకు,

తమ్ముడు చెంగల్రాయుడి నమస్కారాలు. నేను బాగున్నాను, ఎండలే బాగా లేవు. కోర్టులో పంఖా గాలి జడ్జిగారి తల దాటి గుమాస్తాల బల్ల దాకా రాదు. కాగితాలు చెమటకు చేతికి అంటుకుంటున్నాయి. బావకు నస్యం తిరుపతిలో దొరకడం లేదని రాశావు. ఇక్కడ కూడా యుద్ధం పేరు చెప్పి అంగడివాడు మొహం చాటేస్తున్నాడు. దొరికితే పంపుతాను.

నీతో ఒక పని పడింది. మా పక్క వాటాలో భారతమ్మగారని బాలికల బడి టీచరు, వాళ్ళమ్మ వరదమ్మగారు ఉంటారని ఇదివరకే రాశాను కదా. వేసవి సెలవులకు వాళ్ళు మీ ఊళ్ళోనే, టీచరుగారి అన్న గోవిందస్వామి ఇంటికి వెళ్ళారు. వెళ్తూ ఆమె తన చెట్టును నాకు అప్పగించారు. దాన్ని ఫెర్న్ అంటారు. పూయదు, కాయదు, ఆకులే దాని అందం. ఈకలు విప్పినట్టు నాలుగు వైపులా వాలి ఉంటుంది. బడి పిల్లల్ని హార్సిలీకొండకు తీసుకెళ్ళినప్పుడు ఆమె తెచ్చి, కిరసనాయిలు డబ్బాలో నాటింది.

ఇప్పుడు ఆ డబ్బా నిండా వేళ్ళే తప్ప మన్ను లేదు. నీళ్ళు పోస్తే లోపలికి ఇంకకుండా పక్కల నుంచి జారిపోతున్నాయి. డబ్బా తుప్పు పట్టి, ఆ తుప్పు కన్నాల్లో నుంచి కూడా వేళ్ళు బయటికి చూస్తున్నాయి. తడిపిన గోనెపట్ట కప్పి నడవలో పెట్టాను. పెద్ద తొట్టికి మార్చకపోతే ఈ ఎండకు నిలవదు. ఆమె తిరిగివచ్చేసరికి చెట్టు లేకపోతే నేను ఆ వాకిట్లో తలెత్తుకొని తిరగలేను.

ఈ ఊరి కుండలు కట్టెల కరువుకు సగం కాల్చినవి. తడి తగిలితే విడిపోతాయి. మన ఆదిమూలం కాల్చినవైతే రాయిలాగా ఉంటాయి. అయిదు చేయించి బస్సులో వేయించు. ఒకటి ఈ చెట్టుకు, తక్కినవి నా క్రోటన్లకు. వెడల్పు మూతివి, పగుళ్ళు లేనివి కావాలి. బంగళాల్లో ఉన్నట్టు ఎర్రకావి పూసి, మూతి చుట్టూ సున్నంతో చారలు దిద్దమను. చూడ్డానికి బాగుండాలి. ఆలస్యం చేయవద్దు.

నీ తమ్ముడు,
చెంగల్రాయుడు


తిరుపతి,
24 ఏప్రిల్ 1944

చిరంజీవి చెంగల్రాయుడికి,

ఆశీర్వాదాలన్నీ రాయడానికి కార్డు చాలదని కవరు కొన్నాను. ఇన్నాళ్ళకు నీకు బుద్ధి వచ్చింది. ఏడుకొండలవాడి దయ.

నీ ఉత్తరం మీ బావ మునిరత్నం చదివి, చెట్టుకు తొట్లు కావాలట అని పక్కన పడేశాడు. ఆయనకు పైపైన చదవడమే తెలుసు. నేను తీసి మళ్ళీ చదివాను. అయిదు కుండలు, పగుళ్ళు లేనివి, ఎర్రకావి, సున్నం చారలు, ఆలస్యం చేయవద్దు. పూయని కాయని చెట్టుకు ఇంత సింగారం దేనికిరా? నీకంటే ముందు పుట్టినదాన్ని. నీ ఉగ్గుగిన్నె కడిగినదాన్ని. పెళ్ళికి అరివేణి కుండలు కావాలని నోరు తెరిచి అడగలేక చెట్టును అడ్డం పెట్టుకున్నావు. ముందు పరీక్ష కానీ అన్నావు, ఆ తరువాత ప్రమోషన్ రానీ అన్నావు, ఆ తరువాత యుద్ధం అయిపోనీ అన్నావు. ఉగాదికి ముందు నగరి శాంతయ్య కూతురి సంగతి రాస్తే మాత్రం కాదనలేదు. నువ్వు కాదనకపోవడమే ఒక వింత. అందుకే నీ ఉత్తరం అందిన రోజే శాంతయ్యకు మేము సిద్ధమని రాయించాను.

ఆదిమూలానికి చెబితే వాడు ఒక్కమాట అడగకుండా సారె దగ్గర కూర్చున్నాడు. వాడి పెళ్ళాం గంగులమ్మ మాత్రం కుండలు చేతికి ఇవ్వనని పట్టుబట్టింది. "పెండ్లి కుండల్ని ఊరికే ఎత్తకపోతారామ్మా? మేళంతో వచ్చి తీసకపోవాల" అంది. దాని మాట న్యాయమే. వీధిలో ముత్తైదువుల్ని పిలుచుకొని, పైన నలుగురు దుప్పటి పట్టగా, ముందు డోలు సన్నాయి మోగుతుండగా తెచ్చాం. పసుపుతాళ్ళు కట్టాను. దారి పొడుగునా ఎవరికి పెళ్ళి అంటే మా తమ్ముడికి, పిల్ల నగరిది అని చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. అరివేణి కుండలు ఇంట్లో దిగాలి గానీ బస్సెక్కడం ఏమిటని మీ బావ గొణిగాడు. పెళ్ళి చిత్తూరులో చేసుకోవాలని నీకు ఉందేమో, అడిగినట్టే పంపుతున్నాను.

ఆ టీచరమ్మ పెద్దావిడ లాగుంది, పాపం. ఆమె చెట్టుకు కూడా రెండు చెంబుల నీళ్ళు పోస్తూ ఉండు. ముసలివాళ్ళ దీవెన మంచిది.

ఆనందంతో,
తాయమ్మ


చిత్తూరు,
25 ఏప్రిల్ 1944

అక్కకు,

కుండలు నిన్న సాయంత్రం చేరాయి. నీ ఉత్తరం ఇంకా రాలేదు. బహుశా అది నడిచి వస్తున్నట్టుంది.

ఆదిమూలం చేతికి దండం పెట్టాలి. వేలితో కొడితే కంచులాగా మోగుతున్నాయి. పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సు కదా, సున్నం చారలకు కాస్త మసి అంటింది. పసుపుతాళ్ళు ఎందుకు కట్టావో అర్థం కాలేదు. దిష్టి తగలకూడదని కట్టి ఉంటావు. కండక్టరు వాటిని దించుతూ నా చేయి పట్టుకొని ఊపి, శుభం అన్నాడు. పూతలపట్టులో బస్సు మారేటప్పుడు ఎవరో ఆడవాళ్ళు వాటికి కుంకుమ కూడా పెట్టారట. ఫెర్న్ మీద ఈ జిల్లాలో ఇంత గౌరవం ఉందని నాకు తెలియదు.

అయితే ఒక తప్పు జరిగింది. అది నాదే. అడుగున చిల్లి ఉండాలని రాయడం మరిచాను. చిల్లి లేకపోతే నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. మేకు పెట్టి నేనే కొట్టబోతే ఒక కుండ రెండు ముక్కలైంది. అడుగున చిల్లి చేసిన కుండ ఒకటి ఆదిమూలం చేత చేయించి వెంటనే పంపు. దాని పరిస్థితి ఏమీ బాగా లేదు. నిన్నటి నుంచి తల వాల్చేసింది. ఇక ఎన్ని రోజులో చెప్పలేను.

టీచరుగారికి చెట్టు క్షేమం గురించి వారం వారం కార్డు రాస్తున్నాను. ఈ వారం ఏం రాయాలో తోచడం లేదు.

చెంగల్రాయుడు


తిరుపతి,
28 ఏప్రిల్ 1944

చెంగల్రాయుడికి,

ఈ ఉత్తరం రాస్తున్నది కోపంతోనో భయంతోనో నాకే తెలియదు.

అరివేణి కుండను మేకుతో కొట్టి పగలగొట్టావా? చిన్నప్పుడు పలక పగలగొట్టినట్టు అనుకున్నావా? అది చాలక అడుగున చిల్లి ఉన్న కుండ కావాలా? చిల్లి పెట్టిన కుండ మన ఇళ్ళల్లో ఎప్పుడు, ఎవరి భుజం మీద ఎక్కుతుందో నీకు తెలియదా? నాయన పోయినప్పుడు నువ్వే కదా మోశావు.

మీ బావ అమాయకుడు, నీ ఉత్తరం పట్టుకొని ఆదిమూలం ఇంటికి వెళ్ళాడు. చిల్లి కుండ ఒకటి తొందరగా కావాల, చిత్తూరుకు పంపాల అన్నాడట. గంగులమ్మ ఉన్నపళాన గుండెలు బాదుకొంది. "పోయిన వారమే గదా పెండ్లి కుండలు తీసకపోతిరి, అంతలోకే ఏమాయెనప్పా" అని వీధి చివరిదాకా వినబడేట్టు ఏడ్చింది. మీ బావ ఇంటికి చేరే లోపల ఇద్దరు పరామర్శకు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. స్నానానికని తలకు పెట్టుకున్న నూనెతోనే వెళ్ళిన ఆయన తిరిగి రాగానే, ఎవరు పోయారు అని వాళ్ళు ఈయన్ని, ఎవరు పోయారు అని ఈయన నన్ను అడిగారు.

తల వాల్చేసింది, ఎన్ని రోజులో చెప్పలేను అని రాశావు. ఎవరికిరా? ఆ టీచరమ్మ తల్లికా? ఆమె తిరుపతిలోనే ఉంది కదా. నాకు మతి పోతోంది. తిరుగు టపాలో జవాబు రాయి.

తాయమ్మ


చిత్తూరు,
30 ఏప్రిల్ 1944

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. ముందు రెండోది, తరువాత మొదటిది చదివాను. మూడుసార్లు చదివితేగానీ నా పెళ్ళని అర్థం కాలేదు.

తల వాల్చింది చెట్టు. కుండలు అడిగింది చెట్టుకు. నేను చెట్టు అని రాస్తే చెట్టే. నగరి పిల్లను నేను చేసుకోను. శాంతయ్యగారికి ఏం చెబుతావో నీ ఇష్టం, నా మీద ఎంత నిందైనా వెయ్యి.

ఆ మేళం ఎక్కడిదాకా వినబడిందో తెలుసా? గోవిందస్వామి ఇంటి దాకా. భారతమ్మగారి దగ్గరి నుంచి నిన్న కార్డు వచ్చింది. నీకోసం దాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "మీకు వివాహం నిశ్చయమైనదని విని సంతోషించాను. ఇకమీదట నా చెట్టు భారం మీకెందుకు? దయచేసి బడి తోటమాలికి ఇచ్చేయండి." సంతకం కింద చెట్టు ఎలా ఉందని కూడా అడగలేదు.

ఆ కార్డు చదివాక కోర్టుకు వెళ్ళి ఒక దావా కాగితం ఇంకో దావాలో కుట్టాను. హెడ్‌గుమాస్తా కేకలు వేశాడు. నిజం చెప్పేస్తున్నానక్కా. ఆమె పెద్దావిడ కాదు. నాకంటే నాలుగేండ్లు చిన్నది. తండ్రి పోయాక తల్లిని చూసుకోవాలని చదివి, ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోయింది. మన వాళ్ళే. ఏడాది నుంచి ఆ గోడ అవతల ఆమె చెంబుతో నీళ్ళు పోసే చప్పుడు వినకపోతే నాకు పొద్దు పొడవదు. నాకు ఆమె కావాలి. నోరు తెరిచి అడగలేకపోయింది నిజమే, కానీ నువ్వనుకున్న పిల్ల గురించి కాదు.

చెట్టును తోటమాలికి ఇవ్వలేదు. ఈ రోజు ఆదివారం, తెల్లవారగానే డబ్బాను కత్తెరతో చీల్చాను. వేళ్ళు డబ్బా ఆకారానికే ముద్ద కట్టి ఉన్నాయి. నీళ్ళలో నానబెట్టి, వేళ్ళతో మెల్లిగా విప్పుతుంటే చెట్టు నా చేతుల్లోనే రెండైంది. ఏం చేయను? రెంటినీ నాటాను. మొదటి కుండ పగిలాక మేకు మానుకొని, బడగ కొట్టు ఆసామి దగ్గరి బర్మాతో రెండు కుండలకు చిల్లి తొలిపించాను. అడుగున పెంకులు, బొగ్గు ముక్కలు, పైన ఏటి ఇసుక, ఎండుటాకుల ఎరువు వేశాను. రెండూ చీర ఆరేసినట్టు నేలమీద వాలి ఉన్నాయి. బతుకుతాయో లేదో.

చెంగల్రాయుడు


తిరుపతి,
4 మే 1944

తమ్ముడూ,

బడగ కొట్టు అంటే వడ్రంగి కొట్టేనా? నీ చిత్తూరు మాటలు నువ్వూను. సరే.

ముందు నగరి సంగతి. శాంతయ్య జవాబు వచ్చింది. మీ వాడి మాట కోసం కాచుకుంటే పిల్లకు తల నెరుస్తుందని, పోయిన నెలే గూడూరులో నిమ్మకాయల మండీ వాళ్ళకు ఇచ్చేశారట. పిల్ల సుఖంగా ఉందట. వేంకటేశ్వరుడు నా పరువు ఇలా కాపాడాడు. మీ బావ పడీపడీ నవ్వాడు.

ఇక నీ సంగతి. ఈ ముక్క ఏడాది క్రితం రాసి ఉంటే నేను ఎవరి వాకిట్లో మేళం పెట్టించాలో వాళ్ళ వాకిట్లోనే పెట్టించేదాన్ని కదా. ఏడవాలో నవ్వాలో తెలియలేదు, ముందు ఏడ్చి తరువాత నవ్వాను. ఊరంతా చాటింది నేను, కాబట్టి సర్దవలసింది నేనే. గోవిందస్వామి ఇల్లు కనుక్కున్నాను. కానీ ఉత్తచేతులతో వెళ్ళి, మా తమ్ముడికి పెళ్ళి కుదరలేదమ్మా అంటే ఎలా ఉంటుంది? ఆ రెండు చెట్లలో ఒకటి పంపు. చెట్టు ఇవ్వడానికి వచ్చానని కూర్చుంటాను. బతికింది పంపు. చచ్చినది పంపితే నేను గడప తొక్కను.

తాయమ్మ


చిత్తూరు,
3 జూన్ 1944

అక్కా,

ఇన్ని రోజులు ఎందుకు రాయలేదని కోపం వద్దు. రాయడానికి ఏముంది? పొద్దునా సాయంత్రం వాటి ముందు కూర్చోవడమే నా పని. పాత ఆకులన్నీ ఎండిపోయాయి. భారతమ్మగారికి ఆ పెళ్ళి వార్త అబద్ధమని రాయాలని కార్డు తీయడం, చించడం. చెట్టు సంగతి అయితే రాయగలను. చెట్టు బాగా లేదు. చెట్టు సంగతి కానిది నాకు రాయడం చేతకాదు.

నిన్న పొద్దున రెంటిలోనూ నడిమధ్య కొత్త ఆకులు కనబడ్డాయి. జిలేబీ చుట్టలాగా, సన్నటి నూగుతో, ముడుచుకొని ఉన్నాయి. నేను నడవలో ఒక్కడినే గట్టిగా నవ్వాను. ఎదురింటివాళ్ళు తొంగిచూశారు.

నన్ను చూసిపోవడానికి వచ్చిన బావ చేతికి ఒకటి ఇచ్చి పంపుతున్నాను. బస్సులో బొగ్గుపొయ్యి పక్కన కూర్చోవద్దని చెప్పాను. ఎండలో పెట్టవద్దు, పేడనీళ్ళు పోయవద్దు, పసుపు కుంకుమ అసలే వద్దు. అక్కా, నువ్వు అక్కడ పెళ్ళి మాట ఎత్తవద్దు. చెట్టు ఇచ్చి, ఆ వార్త అబద్ధమని మాత్రం చెప్పి వచ్చేయి. ఆమెకు ఇష్టం లేకపోతే పక్కింట్లో ఎలా ఉండను?

చెంగల్రాయుడు


తిరుపతి,
9 జూన్ 1944

తమ్ముడూ,

చెట్టు క్షేమం. మీ బావే నల్లగా దిగాడు.

నిన్న గోవిందస్వామి ఇంటికి వెళ్ళాను. ఇల్లు చిన్నది, మనుషులు మంచివాళ్ళు. నేను ఎవరో చెప్పగానే వరదమ్మగారి మొహం మాడింది. మేళం పెట్టింది నేనే కదా. ఆ పిల్ల మాత్రం కుర్చీ వేసి, మజ్జిగ తెచ్చి, మర్యాదగా దూరంగా నిలబడింది. చామనచాయ, పెద్ద కళ్ళు, మాటలో తొణుకు లేదు. నాకు నచ్చింది, నువ్వు అడగకపోయినా చెబుతున్నాను.

జరిగిందంతా చెప్పాను. నీ ఉత్తరం, నా తెలివి, గంగులమ్మ ఏడుపు, మీ బావ నూనె తల, ఏదీ దాచలేదు. వరదమ్మగారికి నవ్వు ఆగక కొంగు అడ్డం పెట్టుకొని లోపలికి వెళ్ళింది. పిల్ల నవ్వలేదు. కుండ దగ్గర కూర్చుని, ఆ కొత్త ఆకును ఒక్క వేలితో ముట్టుకొని చూసి, చానా బాగా నాటినారు అంది.

నువ్వు వద్దన్నావు గానీ నా నోరు నీ నోరు కాదు కదా. మా తమ్ముడంటే నీకు ఇష్టమేనా అమ్మా అని అడిగేశాను. ఆ పిల్ల లోపలికి వెళ్ళి నీ కార్డులన్నీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. చదివాను. చెట్టుకు రెండు పూటలా నీళ్ళు పోయుచున్నాను. ఆకుల అడుగున గోధుమరంగు చుక్కలు ఉన్నవి, పురుగులా విత్తులా తెలుపగలరు. అన్నీ కోర్టు కాగితాలే.

అప్పుడు అంది. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"ఏడాదిగా ఆయప్ప గోడ అవతలి నుంచి చెట్టు ఎట్లుండాదని అడుగుతాండాడు. ఈడికి వచ్చినాక కార్డు రాసి అడుగుతాండాడు. నేను ఎట్లుండానని ఒక్కతూరి అడిగినాడా? అది అడగనీ, తరువాత చెప్తాను."

కార్డులు తిరిగి ఇచ్చి, నువ్వు అడిగింది న్యాయమే అమ్మా అన్నాను.

ఆదివారం కాక పై ఆదివారం, పద్దెనిమిదో తేదీన తల్లీకూతుళ్ళు మధ్యాహ్నం బస్సుకు చిత్తూరు వస్తున్నారు. బస్టాండుకు వెళ్ళు. నీ చెట్టును తీసుకుపోవద్దు. ఉత్తచేతులతో వెళ్ళు.

తాయమ్మ


చిత్తూరు,
18 జూన్ 1944

అక్కా,

ఇప్పుడే ఇంటికి వచ్చాను. చొక్కా కూడా మార్చకుండా రాస్తున్నాను.

బస్సు రెండు గంటలు ఆలస్యం. పూతలపట్టు దాటాక ఎక్కడో ఆగిపోయి, అందరూ దిగి తోశారట. ఆ రెండు గంటలూ నేను అడగవలసిన మాటను లోలోపల అనుకుంటూనే ఉన్నాను. చిన్న మాటే. ఎన్నిసార్లు అనుకున్నా చివర చెట్టే వచ్చేది.

వరదమ్మగారు ముందు దిగారు. వెనక ఆమె, బుగ్గమీద బొగ్గు మరక, రెండు చేతులతో కుండను పొట్టకు ఆనించుకొని. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆమె నా మొహంలోకి చూస్తూ ఆగింది, కుండను నా చేతికి ఇవ్వలేదు. నా కళ్ళు దానిమీదికి పోబోయాయి. పోనివ్వలేదు.

"మీరు ఎట్లుండారు?" అన్నాను.

అంత మంది జనంలో నా గొంతు నాకే వినబడింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ నవ్వింది. కుండను వాళ్ళమ్మ చేతికి ఇచ్చింది. వరదమ్మగారు దాన్ని తీసుకొని, మాకు నాలుగడుగులు ముందు, వెనక్కి చూడకుండా నడిచారు.

నేను పెట్టె మోసుకుంటూ వెనక నడిచాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మే నెలంతా పంటి నొప్పితో నిద్ర లేదట. అన్న పిల్లలు విసిగించారట. మేళం విన్న రోజు అన్నం సయించక, ఎండ దెబ్బ అని అబద్ధం చెప్పిందట. హెడ్‌మిస్ట్రెస్ అంటే భయమట. ఒంటరిగా ఉన్నప్పుడు లెక్కలు చేసుకుంటుందట. నేను ఊఁ కొడుతూ విన్నాను. ఏడాదిగా పక్కింట్లో ఉండి వీటిలో ఒక్కటి కూడా నాకు తెలియదు.

ఇల్లు వచ్చేసింది. వరదమ్మగారు తాళం తీసి లోపలికి వెళ్ళారు. నేను పెట్టె గడప దగ్గర దించాను. ఆమె లోపలికి వెళ్ళకుండా నిలబడింది.

"ఇంకా చానా ఉండాది చెప్పేది. ఒక్క దినంలో అయ్యేది కాదు. రోజూ అడగతారా?" అంది.

అడుగుతానన్నాను. అక్కా, గోవిందస్వామిగారి ఇంటికి ఈసారి నువ్వూ బావా కలిసి వెళ్ళండి.

నీ తమ్ముడు,
చెంగల్రాయుడు